సైకియాట్రీ పోస్టింగ్‌లో మొదటి కేసు తీయడం ఎలా? తిరుపతి వార్డు నుంచి కొన్ని మాటలు

మెడిసిన్ వార్డులో ధైర్యంగా తిరిగే పిల్లలు సైకియాట్రీ పోస్టింగ్‌కు రాగానే బిక్కమొహం వేస్తారు. అక్కడైతే స్టెతస్కోపు ఉంది, పొట్ట మీద చెయ్యేసి లివర్ తగిలిందో లేదో చెప్పొచ్చు. ఇక్కడ పేషెంటు ఎదురుగా కూర్చుని ఉంటాడు, చేతిలో నోట్‌బుక్ ఉంటుంది, హెడింగులన్నీ ఇంగ్లీషులో వరసగా గుర్తుంటాయి, నోరు మాత్రం పెగలదు. చివరికి "మీకు చెవుల్లో శబ్దాలు వినిపిస్తాయా?" అని అడిగి, ఆయన "లేదు సార్" అనగానే "హాల్యూసినేషన్లు లేవు" అని రాసుకుని లేచి వచ్చేస్తారు. ఆ పక్క మంచం మీదే ఆయన భార్య "రాత్రంతా ఎవరితోనో మాట్లాడతానే ఉండాడు సామీ" అని చెప్పడానికి సిద్ధంగా కూర్చుని ఉంటుంది. ఆమెను ఎవరూ అడగరు.

ఇక్కడ స్టెతస్కోపు చేయాల్సిన పని మీ తెలుగు చేయాలి. పీలేరు నుంచో పలమనేరు నుంచో వచ్చిన మనిషి ఇంట్లో ఏ తెలుగు మాట్లాడతాడో ఆ తెలుగు. వార్డులో నేను పిల్లలకు రోజూ చెప్పేవే ఇక్కడ వరసగా రాస్తున్నాను. పుస్తకం చదవడం ఎలాగూ తప్పదు. ఇది పుస్తకం మూసి మంచం దగ్గరికి వెళ్ళేటప్పటి సంగతి.

కుర్చీ లాక్కునే ముందు: షీటు చూడండి

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పటి మాట. ఒక ఆస్పత్రి ఎముకల వార్డులో నలభై ఏళ్ళ మనిషి ఉన్నాడు. కొండకు వచ్చి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండు రోజులు బాగానే ఉన్నాడు. మూడో రాత్రి లేచి కూర్చుని దుప్పటి మీద ఏవో ఏరుతున్నాడు, గోడ నిండా చీమలంటాడు, భార్య చెయ్యి పట్టుకుని "లెయ్, బస్సు పోతుంది" అంటాడు. నేను షీటు మీద "సైకోసిస్, సైకియాట్రీ ఒపీనియన్ కావాలి" అని రాసి పోయి పడుకున్నాను.

పొద్దున వచ్చిన పీజీ అక్క నన్నేమీ అనలేదు. భార్యను పక్కకు పిలిచి "ఆయన రోజూ ఎంత తాగుతాడమ్మా?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. రోజుకో క్వార్టరు, పండగైతే లెక్కే లేదు. ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి చుక్క లేదు. డెలీరియం ట్రెమెన్స్, అంటే తాగుడు ఒక్కసారిగా ఆగినప్పుడు వచ్చే కలత. నాడి 130, జ్వరం, చెమటలు, అన్నీ నర్సు రాత్రే షీటులో రాసి పెట్టింది. నేను ఆ పేజీ తిప్పనే లేదు.

అందుకే మొదటి పని ఇది: మనసు జబ్బు అని ఎవరన్నా సరే, ముందు ఒంటి జబ్బు కాదని తేల్చుకోండి. నాడి, బీపీ, టెంపరేచర్, ఆక్సిజన్, షుగర్ చూడండి. కంటిపాపలు, మెడ బిగుతు చూడండి. తలకు దెబ్బ తగిలిందా, ఫిట్స్ వచ్చాయా, కొత్తగా ఏ మాత్రలు మొదలుపెట్టారు అని అడగండి. డెలీరియంను, అంటే ఒంటి జబ్బు వల్ల వచ్చే ఇలాంటి కలతను, పట్టించేది పేషెంటు మాట్లాడే వింత మాటలకంటే అతని ధ్యాస. మీ మాట మీద నిలవదు, మధ్యాహ్నం కాస్త తేటగా ఉంటాడు, పొద్దు వాలేసరికి మళ్ళీ కలత. లేనివి కళ్ళకు కనిపించడం, ఒంటి మీద పాకినట్టు అనిపించడం, అదీ జీవితంలో మొదటిసారి నలభై ఐదు దాటాక మొదలవడం, ఇవి ఉంటే ఒంట్లోనే వెతకండి. ముసలివాళ్ళలో అయితే మూత్రంలో ఇన్ఫెక్షన్ గానీ సోడియం తగ్గడం గానీ చాలు, రాత్రికి రాత్రే మనిషి మారిపోతాడు.

తాగుడు మానిన గంటల లెక్క కంఠతా ఉండాలి. 6 నుంచి 8 గంటలకు చేతులు వణుకుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్. ఇలాంటి పేషెంటుకు గ్లూకోజ్ ఎక్కించే ముందే థయమిన్ (విటమిన్ బీ1) ఇంజెక్షన్ పడాలి, లేకపోతే దాని లోపంతో మెదడు దెబ్బతినే వెర్నికీ ఎన్‌కెఫలోపతిని మనమే తెచ్చిపెట్టినవాళ్ళం అవుతాం. కలత, నడకలో తూలు, కళ్ళు సరిగా తిరగకపోవడం, ఈ మూడూ దాని గుర్తులు. మూడూ కలిసి కనిపించేదాకా ఆగొద్దు, అలా కలిసి కనిపించడం తక్కువ.

కూర్చోవడం, పిలవడం

మంచం పక్కన నిలబడి పైనుంచి అడగొద్దు. కూర్చోండి. తలుపుకు మీరు దగ్గరగా ఉండాలి, పేషెంటు ఎటూ పోలేకుండా దారికి అడ్డంగా మాత్రం కాదు. పేరు చెప్పండి, చదువుకుంటున్నామని చెప్పండి, మాట్లాడొచ్చా అని అడగండి. వయసును బట్టి అన్నా, అక్కా, పెద్దాయనా, అవ్వా. ఇరవై ఏళ్ళ కుర్రాడినైనా "మీరు" అనే మొదలుపెట్టండి. నగరి, సత్యవేడు వైపు వాళ్ళకు తమిళం, కుప్పం వైపు కొందరికి కన్నడమో తమిళమో తేలిగ్గా వస్తుంది. మీకు ఆ భాష రాకపోతే వచ్చిన క్లాస్‌మేట్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. బంధువును దుబాసీగా పెడితే ఆయన తన మాటే చెప్తాడు, పేషెంటు మాట చెప్పడు.

హిస్టరీ: వాళ్ళ మాట, వాళ్ళ కాలెండరు

"డిప్రెషన్‌గా ఉంది" అంటూ ఓపీకి వచ్చేవాళ్ళు ఇప్పుడు కొందరు ఉన్నారు, ఎక్కువగా కాలేజీ పిల్లలు. మిగతావాళ్ళు తెచ్చే మాటలు వేరు. తల దిమ్ముగా ఉంది. గుండె దడ. ఒళ్ళంతా మంటలు. నరాల వీక్‌నెస్. గ్యాస్ పైకి తన్నుతోంది. అప్పటికే స్కానింగులు, ఎండోస్కోపీలు అయిపోయి, ఫైలు ఒక కేజీ బరువు ఉంటుంది. "నీకేమీ లేదమ్మా" అని నలుగురు డాక్టర్లు చెప్పి ఉంటారు. మీరు ఐదోవారు కావొద్దు. నొప్పి నిజం. దాని వెనకాల ఏముందో మెల్లగా అడగాలి.

ఎలా? "మీకు ఇంట్రెస్ట్ తగ్గిందా?" అంటే తల అడ్డంగా ఊపుతారు. రెండు ఆవులున్న అక్కను "పాలు పిండడానికి మీరే లేస్తున్నారా, ఇంకెవరైనా చూస్తున్నారా?" అని అడగండి. "నెల నుంచి కోడలే చూస్తా ఉంది" అంటుంది. సీరియల్ చూస్తున్నారా, పెళ్ళిళ్ళకు వెళ్తున్నారా, మనవడు వస్తే ఎత్తుకోబుద్ధవుతుందా? నిద్ర గురించి "ఎన్నింటికి మెలకువ వస్తుంది, ఆ తర్వాత ఏం చేస్తారు?" అని అడగండి. "మూడింటికే లేచి పైకప్పు చూస్తా పడుకుంటా నాయనా" అన్న ఒక్క వాక్యంలో తెల్లవారుజామున మెలకువ వచ్చేసింది. పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా అని కూడా అప్పుడే అడిగేయండి.

ఎప్పటి నుంచి అన్నది సైకియాట్రీలో రోగనిర్ధారణను మార్చేసే ప్రశ్న. "చాన్నాళ్ళయింది" అని రాసుకుని రావొద్దు. తారీఖులు గుర్తుండవు, పండగలు గుర్తుంటాయి. సంక్రాంతికి బాగున్నాడా? మామిడి కోతలప్పుడు తోటకు పోయాడా? గంగమ్మ జాతరకు ముందా, తర్వాతా? బ్రహ్మోత్సవాలకు డ్యూటీకి వెళ్ళాడా? ఇలా నాలుగు ప్రశ్నలు వేస్తే నెలలతో సహా లెక్క తేలుతుంది. మనిషి మొదట ఎలా ఉండేవాడో కూడా ఇక్కడే తెలుస్తుంది.

ఇంతకు ముందు ఎక్కడ చూపించారో అడగండి. తాయెత్తు, దర్గా, మంత్రం, దిష్టి తీయించడం, అన్నీ చెప్పనివ్వండి. చేతికున్న తాయెత్తు చూసి నవ్వారా, ఇక ఆ కుటుంబం మీకు నిజం చెప్పదు. మాత్రలు మానేసినా చెప్పదు. ఒక్క విషయం మాత్రం తప్పకుండా అడగాలి: కట్టేశారా, కొట్టారా? మణికట్లు, చీలమండలు చూడండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన షెడ్డుకు నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు. గొలుసు మచ్చ చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

దిగులుగా ఉన్న ప్రతి మనిషినీ ఇంకో ప్రశ్న అడగకుండా వదలొద్దు: "దీనికి పూర్తిగా తిరగబడి, నిద్ర లేకపోయినా అలసట లేకుండా, మాటలు ఆగకుండా, డబ్బు నీళ్ళలా ఖర్చుపెట్టిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా?" ఉంటే అది బైపోలార్, అంటే దిగులూ ఈ పొంగూ (మేనియా) మారిమారి వచ్చే జబ్బు. దానికి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మేనియాలోకి తోసినట్టే. తిరుపతిలో దీనికో చిక్కుంది. మెళ్ళో గొలుసు తీసి హుండీలో వేశాడంటే మేనియానా, మొక్కా? ఇంట్లోవాళ్ళకు తెలిసి, ముందే అనుకుని వేస్తే మొక్కు. నాలుగు రాత్రులు నిద్రపోకుండా, ఎవరికీ చెప్పకుండా గొలుసు వేసి, కిందికి దిగి స్కూటర్ కూడా ఎవరికో ఇచ్చేసి, "నన్ను స్వామి ఈఓగా వేశాడు" అంటే అది వేరే లెక్క.

ఎంఎస్ఈ: కళ్ళతో మొదలు

మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్ అంటే ఈ క్షణంలో ఈ మనిషి ఫొటో. హిస్టరీ నెలల సినిమా, ఇది ఒక ఫ్రేము. రెండూ కలిపేయకండి. నిన్న మాటలు వినిపించాయన్నది హిస్టరీలోకి పోతుంది.

రూపం, నడత నుంచి మొదలుపెట్టండి. బట్టలు, గోళ్ళు, చూపు, కదలికలు. వేరే ఊరి నుంచి వచ్చిన ఒక స్టూడెంటు వరసగా మూడు కేసుల్లో "తల గొరిగించుకున్నాడు, ఒంటి మీద శ్రద్ధ లేదు" అని రాశాడు. బాబూ, ఇది తిరుపతి. గుండు ఇక్కడ ఏ జబ్బుకూ గుర్తు కాదు.

మాట, ఆలోచన దగ్గరికి వచ్చాక ఒకటే నియమం: పేషెంటు అన్నది అన్నట్టే, కొటేషన్లలో, తెలుగులోనే రాయండి. "మాటలకు పొంతన లేదు" అని రాయడం తేలిక. "బస్టాండుకు పోయినా సార్, పాలు తెల్లగుంటాయి, కలెక్టరు మా మామ, అందుకే వాన రాలేదు" అని రాస్తే, చదివినవాడికి మీ వ్యాఖ్య అక్కర్లేదు.

మనసు ఎలా ఉందని అతను చెప్పేది మూడ్. ముఖంలో మీకు కనిపించేది అఫెక్ట్. అవి కలవకపోతే అదీ రాయండి.

డెల్యూజన్ అంటే రుజువు చూపినా కదలని, ఆ మనిషి పెరిగిన మనుషుల మధ్య ఎవరూ నమ్మని నమ్మకం. ఈ రెండో సగం మర్చిపోతేనే తప్పులు జరుగుతాయి. జాతరలో ఒకామెకు అమ్మవారు పూనింది. చుట్టూ ఉన్నవాళ్ళు హారతి ఇచ్చారు, ఆమె మాట చెప్పింది, అరగంటకు దిగింది, మర్నాడు పొద్దున యథాప్రకారం ఇడ్లీ బండి పెట్టుకుంది. ఇందులో జబ్బు ఏముంది? అదే జాతర అయిపోయిన మూడు వారాల తర్వాత కూడా దిగక, తిండి మానేసి, "నేనే గంగమ్మ, నా మొగుడు నాకు విషం పెడుతున్నాడు" అంటుంటే, ఆ ఊళ్ళోవాళ్ళే ఆమెను తెచ్చి మీ ముందు కూర్చోబెడతారు. ఏది భక్తో ఏది జబ్బో మనకంటే వాళ్ళకే ముందు తెలుస్తుంది. "మీ ఊళ్ళో పూనకం ఇట్లాగే ఉంటుందా?" అని వాళ్ళనే అడగండి.

ఇల్యూజన్‌కూ హాల్యూసినేషన్‌కూ తేడా మనకు పుస్తకం లేకుండానే వచ్చు. తాడును చూసి పాము అనుకోవడం ఇల్యూజన్. తాడు కూడా లేకుండా పాము కనిపిస్తే హాల్యూసినేషన్. అడిగే పద్ధతి మాత్రం నేర్చుకోవాలి. "కొందరికి ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఎవరో మాట్లాడినట్టు వినిపిస్తుంది, మీకు అట్లా ఎప్పుడైనా..." అని మొదలుపెట్టి ఆగండి. అవునంటే వదలకండి. బయటి నుంచి చెవులకు వినిపిస్తుందా, మనసులోనే అనిపిస్తుందా? ఎందరు? తెలిసిన గొంతేనా? మీతో మాట్లాడతారా, మీ గురించి వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారా? ఏదైనా చేయమంటారా? చేయమంటే చేశారా? "వీడు చూడు, ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు నీళ్ళు తాగుతాడు" అని ఇద్దరు వ్యాఖ్యానం చెప్తున్నారంటే, అది జర్మన్ వైద్యుడు కర్ట్ ష్నైడర్ చెప్పిన మొదటి వరస లక్షణాల్లో ఒకటి. ఆలోచనలు ఎవరో లోపల పెడుతున్నారు, లాగేస్తున్నారు, అందరికీ వినిపిస్తున్నాయి అనేవి కూడా అందులోవే. ఇవి ఉన్నంత మాత్రాన స్కిజోఫ్రీనియా అని ముద్ర వేయకండి, మేనియాలోనూ కనిపిస్తాయి. ఇక "స్వామి కలలోకొచ్చి రమ్మన్నాడు" అన్న మాట విని హాల్యూసినేషన్ అని రాసేవాళ్ళకు నేను మార్కులు వేయను. క్యూలో నిలబడిన సగం మంది అదే చెప్తారు.

జ్ఞాపకం, తెలివి పరీక్షించేటప్పుడు మనిషి చదువు చూసుకోండి. చంద్రగిరి పక్క పల్లె నుంచి వచ్చిన అవ్వను తారీఖు అడిగితే తెలియదంది. స్టూడెంటు "ఓరియంటేషన్ లేదు", అంటే కాలం, చోటు తెలియడం లేదు అని రాశాడు. నేను "అవ్వా, ఏ నెల నడుస్తా ఉంది?" అన్నాను. "ఆషాఢం గదా, కొత్త కోడల్ని పుట్టింటికి పంపినాము, ఏకాదశి పోయి రెండు దినాలు" అంది. ఆ స్టూడెంటుకు తిథి తెలియదు, మరి అతనికి ఓరియంటేషన్ లేనట్టా? 100 నుంచి ఏడేడు తీసేయమనడం చదువుకున్నవాళ్ళకు. మిగతావాళ్ళకు వారాలు వెనక్కి చెప్పమనండి, లేదా 20 నుంచి 1 దాకా. మూడు వస్తువులు చెప్పి, ఐదు నిమిషాలయ్యాక అడగండి. చింతపండు, గొడుగు, బస్సు చాలు.

సామెత అర్థం చెప్పమనడం నాకు ఇష్టమైన భాగం. వార్డు కిటికీలోంచి శేషాచలం కనిపిస్తుంది. ఒకాయన్ని "దూరపు కొండలు నునుపు అంటారు కదా, అంటే ఏమిటి?" అని అడిగాను. ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి, చేత్తో ఎండ అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి వచ్చి, "అవును సార్, ఈడ నుంచి నున్నగానే ఉంది" అన్నాడు. అక్షరార్థం దగ్గరే ఆగిపోయే ఆలోచన అంటే ఇదే. ఆ జవాబును అలాగే రాయాలి.

చివరగా ఇన్‌సైట్. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట" అన్నవాడు ఇన్‌సైట్ గురించి మనకంటే ముందే చెప్పాడు. బాగైపోయానని నోటితో అనడం వేరు, తెలిసి ఉండడం వేరు. మామూలుగా ఆరు మెట్లుగా రాస్తాం. "నాకేమీ లేదు" మొదటి మెట్టు. "ఏదో ఉంది, కానీ పక్కింటివాళ్ళు చేతబడి చేశారు" అంటే మూడోది. జబ్బు అని తెలిసి, దాన్ని బట్టి మాత్రలు వేసుకుంటూ బతుకును సర్దుకునేది ఆరోది.

చావు గురించి అడగడం

దీన్ని దాటేయొద్దు. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని పిల్లలు భయపడతారు. అలా అవదు. అడిగాక చాలామంది పెద్ద నిట్టూర్పు విడుస్తారు, ఇన్నాళ్ళకు ఒకరు అడిగారని.

బంధువుల్ని కాసేపు బయట ఉండమనండి. మెట్లు దిగినట్టు అడగండి. "ఇన్ని బాధల్లో, బతికి ఏం లాభం అనిపిస్తుందా?" అవునంటే, "చచ్చిపోతే బాగుండు అనిపించిందా?" తర్వాత, "ప్రాణం తీసుకోవాలని అనుకున్నారా?" ఆ తర్వాత, "ఎలా అని ఆలోచించారా? ఏమైనా సిద్ధం చేసుకున్నారా? ఇంతకు ముందు ప్రయత్నం జరిగిందా?" ఆపై "మిమ్మల్ని ఆపింది ఏమిటి?" పిల్లలు, దేవుడు, అమ్మ, ఏం చెప్పినా రాసుకోండి. చికిత్సలో దాన్నే పట్టుకోవాలి. గతంలో ప్రయత్నం, ఆశ పూర్తిగా పోవడం, తాగుడు, ఒంటరితనం, ఈ మధ్యే ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ కావడం ప్రమాదాన్ని పెంచుతాయి. రైతు ఇల్లయితే పురుగుల మందు ఎక్కడ పెడతారో ఇంట్లోవాళ్ళను అడిగి, ఇంటి నుంచి తీయించండి లేదా తాళం వేయించండి. మాత్రలు కూడా ఒక వారానివే, బంధువుల చేతికి.

అవునని చెప్పిన మనిషిని ఒంటరిగా వదిలి కాంటీన్‌కు వెళ్ళకండి. అప్పటికప్పుడు పీజీకో డ్యూటీ డాక్టరుకో చెప్పండి. మీరు స్టూడెంట్లు, ఈ బరువు మీరొక్కరే మోయక్కర్లేదు. ఇంటికి వెళ్ళేవాళ్ళకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 చీటీ మీద రాసివ్వండి. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అర్ధరాత్రి హాస్టల్లో మీకే అవసరమైనా అదే నంబరు.

రోజుల లెక్క

వైవాలో ఎక్కువ మంది పడిపోయేది ఇక్కడ. డిప్రెషన్‌కు కనీసం 2 వారాలు. మేనియాకు వారం. స్కిజోఫ్రీనియాకు ఐసీడీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా) ప్రకారం నెల, డీఎస్‌ఎం (అమెరికా సైకియాట్రీ సంఘం పుస్తకం) ప్రకారం మొత్తం జబ్బు 6 నెలలు. ఏ పుస్తకం లెక్క చెప్తున్నారో ముందు చెప్పండి. ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, పాత నోట్సులో ఐసీడీ-10 ఉంటుంది. ప్రసవమైన మొదటి రెండు వారాల్లో బాలింత నిద్ర లేక, కలతగా, వింతగా మాట్లాడుతుంటే రోజుల లెక్క చూడకుండా ఎమర్జెన్సీ అనుకోండి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా ఉంచొద్దు.

మందులు: మూడు దృశ్యాలు

డోసుల పట్టిక ఇక్కడ రాయను. క్యాజువాలిటీలో మీకు ఎదురయ్యేవి చెప్తాను.

పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి నిన్న హాలోపెరిడాల్ (సైకోసిస్‌కు వాడే మందు) ఇంజెక్షన్ ఇచ్చారు. ఈరోజు కనుగుడ్లు పైకి తిరిగి నిలిచిపోయాయి, మెడ పక్కకు వంగింది, నాలుక బయటికొచ్చింది. వాళ్ళమ్మ "గాలి సోకింది" అని నిమ్మకాయలు పట్టుకుని ఉంది. ఇది అక్యూట్ డిస్టోనియా, ఆ మందు వల్ల కండరాలు బిగుసుకుపోవడం. ప్రోమెథజిన్ ఇంజెక్షన్ ఇస్తే కాసేపటికి కళ్ళు కిందికి దిగుతాయి. ఆ తల్లికి మీరే దేవుడు అయిపోతారు, ఆ గౌరవం అక్కడే వదిలేసి, ఏ మందు వల్ల వచ్చిందో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి. ఇలాంటి మందుల మీద ఉన్న మనిషికి జ్వరం, ఒళ్ళు కట్టెలా బిగుసుకోవడం, స్పృహ మసకబారడం కలిసి వస్తే మాత్రం అది న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్. మందు ఆపి, సీపీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) పరీక్షకు రక్తం పంపి, ఐసీయూకు పరిగెత్తాలి.

రెండోది లిథియం. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో మేనియాకు ఇది పనిచేస్తుందని రాశాడు. ఇప్పటికీ దీనికి సాటి తక్కువ. కానీ రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి, 1.5 దాటితే విషం. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. ఇప్పుడు మన ఊరి సంగతి చూడండి. బాగైన పేషెంటు మొక్కు తీర్చుకోవడానికి మే నెలలో, ఉపవాసంతో, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతాడు. ఒంట్లో నీరంతా చెమటగా పోయింది. మోకాళ్ళు నొప్పని డైక్లోఫినాక్ వేసుకున్నాడు. నీరు తగ్గడం, ఆ నొప్పి మాత్ర, రెండూ లిథియంను కిడ్నీలో నిలబెట్టేస్తాయి. మర్నాడు వాంతులు, విరేచనాలు, చేతులు పెద్దగా వణకడం, తూలుడు, మాట ముద్ద కావడం. క్యాజువాలిటీలో "వడదెబ్బ" అని రాస్తారు. ఏ మాత్రలు వాడుతున్నావని అడిగినవాడికే జబ్బు దొరుకుతుంది. మొక్కు మానుకోమని చెప్పక్కర్లేదు, చెప్పినా వినరు. చల్లటి పూట ఎక్కమనండి, ఉపవాసం వద్దనండి, నీళ్ళు తాగుతూ ఉండమనండి, నొప్పికి పారాసిటమాల్ చాలనండి.

మూడోది అంత నాటకీయం కాదు కానీ రోజూ జరుగుతుంది. డిప్రెషన్ మాత్ర పనిచేయడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. మొదటి వారంలో మాత్రం కడుపులో తిప్పడం, టెన్షన్ పెరగడం ఉంటాయి. ఇది ముందే చెప్పకపోతే నాలుగో రోజే మానేసి, మెడికల్ షాపులో నిద్ర మాత్ర కొనుక్కుంటారు. నిద్ర మాత్ర మొదటి రాత్రే పనిచేస్తుంది, అదే దాని చిక్కు. కొన్ని వారాలు దాటితే వదలడం కష్టం. డిప్రెషన్ మాత్ర నయమయ్యాక కూడా 6 నుంచి 9 నెలలు కొనసాగించాలని మొదటి రోజే చెప్పండి.

చట్టం, కుటుంబం

2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో స్టూడెంటుకు కావలసినవి కొన్నే. 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. "పోలీసు కేసవుతుంది" అని బెదిరించే నర్సు కనిపిస్తే మెల్లగా చెప్పండి. మత్తు, కండరాలు వదులయ్యే మందు ఇవ్వకుండా ఈసీటీ (కరెంటు షాక్ చికిత్స) చేయడం నిషేధం. గొలుసు వేయడం నిషేధం. పేషెంటు ఒప్పుకోనప్పుడు ప్రతినిధి కోరిక మీద చేర్చుకోవచ్చు, మొదట 30 రోజులే. పేషెంటు వివరాలు బయటపెట్టకూడదు. తిరుపతి చూడ్డానికి పెద్ద ఊరే కానీ, టీ కొట్టు దగ్గర కేసు గురించి మాట్లాడితే పక్క బల్ల మీద ఆయన బావమరిది ఉంటాడు.

ఇంకో ప్రశ్న మీకు తప్పకుండా వస్తుంది. "పెళ్ళి చేస్తే సర్దుకుంటాడా సార్?" నేనైతే ఇలా చెప్తాను: "పెళ్ళి మందు కాదమ్మా. ముందు ఆరు నెలలు నిద్ర, తిండి, పని సరిగ్గా ఉండనీ. తర్వాత చేసుకోవాలంటే చేసుకోవచ్చు. అవతలివాళ్ళకు చెప్పే చేయండి, మాత్రలు దాచిపెట్టుకుని వేసుకునే కాపురంలో మాత్రలే ముందు ఆగిపోతాయి." విన్నవాళ్ళు తక్కువే. అయినా చెప్తూనే ఉంటాను.

ప్రెజెంట్ చేయడం

లేచి వచ్చిన గంటలోపు రాసేయండి, రాత్రికి సగం మాటలు మీ మాటలైపోతాయి. ఎగ్జామినర్ ముందు సారాంశం మూడు వాక్యాలు దాటకూడదు. ఇలా: "24 ఏళ్ళ అవివాహితుడు, డిగ్రీ మధ్యలో ఆపేశాడు, తాగుడు లేదు, వాళ్ళ పెదనాన్నకు ఇలాంటి జబ్బు ఉంది. సంక్రాంతి నుంచి ఏడు నెలలుగా అనుమానం, తనలో తాను మాట్లాడుకోవడం, స్నానం మానేయడం. పరీక్షలో స్పృహ, ధ్యాస సరిగ్గా ఉన్నాయి, తన గురించి ఇద్దరు మాట్లాడుకునే గొంతులు వినిపిస్తున్నాయి, ఆత్మహత్య ఆలోచనలు లేవు, ఇన్‌సైట్ మొదటి మెట్టు."

స్కిజోఫ్రీనియా అంటారు మీరు. ఎగ్జామినర్ కళ్ళజోడు సర్దుకుని "ఒంటి జబ్బు కాదని ఎలా అన్నావు?" అంటాడు. అప్పుడు తడుముకోకుండా షీటు తిప్పి, నర్సు రాసిన నాడి, టెంపరేచర్, షుగర్ చదవండి.